దూరాలు అడిగాం, వరుస అడగలేదు

సభకు నమస్కారం. గ్రాఫ్ అల్గారిథమ్‌ల మీద పరిశోధన అంటే అసలు ఏం చేస్తారని చాలామంది అడుగుతుంటారు. ఇక్కడ గ్రాఫ్ అంటే కొన్ని చుక్కలు, వాటిని కలిపే గీతలు; నగరంలో కూడళ్లు, వాటి మధ్య దారులు లాగా. మన మూసీ వంతెనలతో జవాబు మొదలుపెడతాను. పురానాపూల్, ముస్లింజంగ్ పూల్, నయాపూల్, చాదర్‌ఘాట్ వంతెన. ఈ నాలుగింటినీ ఒక్కొక్కసారి మాత్రమే దాటుతూ నడవగలమా? నిస్సందేహంగా నడవగలం. ఉన్నవి రెండే ఒడ్లు కాబట్టి ఏ వంతెన ఎక్కినా అవతలి ఒడ్డుకే చేరతాం. వంతెనలు సరిసంఖ్యలో ఉంటే బయలుదేరిన ఒడ్డుకు తిరిగొస్తాం, బేసి అయితే అవతల ఆగుతాం. ఇంకో పది వంతెనలు కట్టినా ఇదే మాట. ఒకప్పటి ప్రష్యా నగరం కోనిగ్స్‌బర్గ్‌లో నది పాయలుగా చీలి, మధ్యలో ద్వీపం ఉండి, నేల నాలుగు భాగాలైంది. ఏడు వంతెనలున్నా ప్రతి భాగాన్నీ తాకేవి బేసి సంఖ్యలోనే ఉన్నాయి. బేసి వంతెనలున్న భాగం నడకకు మొదలో చివరో కావాలి కనుక అలాంటివి రెండుకు మించకూడదు. అందుకే అక్కడ అలాంటి నడక అసాధ్యమని 1736లో గణితవేత్త ఆయిలర్ నిరూపించారు. వీధుల పొడవును, నది వంపును పక్కన పెట్టి, ఏది దేనితో కలుస్తుందన్నది ఒక్కటే చూశారు. ప్రశ్నకు అక్కర్లేనిదేదో పోల్చుకుని వదిలేయడం మా పనిలో అన్నిటికన్నా కష్టం. ఈ రోజు నేను చెప్పదలచుకున్నది అలాంటి మరో వదిలివేత గురించి.

ఒక కూడలి నుంచి నగరంలోని మిగతా కూడళ్లన్నిటికీ కనిష్ఠ దూరం ఎంత? 1956లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒక కాఫీ హోటల్ ముందు కూర్చుని, కాగితం కలం లేకుండా, ఇరవై నిమిషాల్లో డచ్ కంప్యూటర్ శాస్త్రవేత్త ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా దీనికి పద్ధతి ఆలోచించారు. 1959లో ప్రచురించారు. అమీర్‌పేట నుంచి బయలుదేరామనుకోండి. పంజాగుట్ట, బేగంపేట, ఎస్సార్ నగర్, యూసఫ్‌గూడ ముందుగా అందుతాయి. వాటిలో అతి దగ్గరిదాని దూరం ఖాయం చేస్తాం. మిగతావాటి మీదుగా చుట్టి వస్తే దూరం పెరుగుతుందే గాని తగ్గదు కదా. ఖాయమైన చోటు నుంచి బయలుదేరే దారులు చూసి, జాబితా సరిదిద్ది, మళ్లీ అతి దగ్గరిదాన్ని తీసుకుంటాం. నాకు తెలిసిన అల్గారిథమ్‌లలో ఇంత అందమైనవి అరుదు. ఆ అమీర్‌పేటలోనే శిక్షణ తీసుకుంటూ, ఉద్యోగ ఇంటర్వ్యూ కోసం దీన్ని కంఠస్థం చేస్తున్నవారు ఈ సభలోనూ ఉండి ఉంటారు. ఒక్క మాట దగ్గర ఆగమని వారిని కోరుతున్నాను: “మళ్లీ అతి దగ్గరిది.”

ఖర్చంతా ఆ మాటలోనే ఉంది. 1984లో ఫ్రెడ్‌మన్, టార్జన్ కనిష్ఠాన్ని త్వరగా తీసిచ్చే ఫిబొనాచీ హీప్ అనే అమరిక కనిపెట్టి ఆ ఖర్చు తగ్గించారు. అప్పుడు కూడా కూడళ్ల సంఖ్యను దాని లాగరిథమ్‌తో గుణించి, దారుల సంఖ్య కలిపినంత పని మిగిలింది. డైక్‌స్ట్రా పద్ధతి కూడళ్లను దగ్గరి నుంచి దూరానికి వరుసగా బయటపెడుతుంది. సంఖ్యలను ఒకదానితో ఒకటి పోల్చి వరుసలో పేర్చడానికి అంత పని తప్పదన్నది నిరూపితమైన విషయం. కాబట్టి ఇక్కడ గోడ ఉందని మా రంగంలో ఎక్కువమంది నమ్మారు.

అయితే ప్రశ్న మళ్లీ చదవండి. దూరాలు అడిగాం, వరుస అడగలేదు. తరగతిలో ప్రతి విద్యార్థి మార్కులు చెప్పమంటే, ర్యాంకుల జాబితా తయారుచేస్తే తప్ప చెప్పలేమన్నట్టుంది ఇది. 2025లో బీజింగ్‌లోని చింగ్హువా విశ్వవిద్యాలయానికి చెందిన రాన్ దువాన్, మరో నలుగురు కలిసి దిశలున్న గ్రాఫ్‌లలో, అంటే దారులు వన్‌వేలు కాగలిగిన చోట, అవి మరీ దట్టంగా లేనప్పుడు, ఆ గోడ దాటారు. వారి పద్ధతిలో లాగరిథమ్‌ను 2/3 ఘాతానికి తగ్గించి దారుల సంఖ్యతో గుణిస్తే సరిపోతుంది.

వారి ఉపాయం వివరంగా చెప్పాలి. డైక్‌స్ట్రాకు భారం సరిహద్దు జాబితా, అంటే అందినా ఇంకా ఖాయం కాని కూడళ్లు. అవి వేలల్లో పెరిగినా ప్రతిసారీ కనిష్ఠం వెతకాలి. బెల్‌మన్-ఫోర్డ్ అనే మరో పాత పద్ధతికి వరుసతో పనిలేదు, దారులన్నిటినీ విడతలు విడతలుగా సరిచూస్తూ పోతుంది. విడతలు ఎక్కువైతే అదీ భారమే. వీరు సరిహద్దు నుంచి కొద్ది విడతలు మాత్రమే బెల్‌మన్-ఫోర్డ్ నడిపారు. ఆ కొద్ది అడుగుల్లో తేలిపోయే కూడళ్లు తేలిపోతాయి. మిగిలినవన్నీ, తమ కింద పెద్ద కుటుంబమున్న, అంటే ఎన్నో కూడళ్ల కనిష్ఠ దారులు తమ మీదుగానే సాగే, ఏవో కొన్ని సరిహద్దు కూడళ్ల మీద ఆధారపడి ఉంటాయి. ఒక్కొక్క దాని కిందా అంత కుటుంబం ఉండాలి కనుక అలాంటివి ఎక్కువ ఉండలేవు. వాటిని మాత్రమే ఉంచుకుని, దూరాల శ్రేణిని ముక్కలు చేసి, ప్రతి ముక్కలోనూ ఇదే పని చేస్తారు. రెండు పాత పద్ధతులూ పాఠ్యపుస్తకాల్లో దశాబ్దాలుగా పక్కపక్కనే ఉన్నాయి. నన్ను కదిలించింది అదే.

ఇంతకు ఏడాది ముందే, 2024లో, టార్జన్ సహా ఐదుగురు మరో ఫలితం చూపారు. దూరాలతో పాటు వరుస కూడా కావాలంటే, తగిన హీప్‌తో నడిపిన డైక్‌స్ట్రాను ఏ గ్రాఫ్ మీదా మించలేం. ఈ రెండు ఫలితాలనూ కలిపి చదవాలి. విడివిడిగా చదివితే ఒకటి డైక్‌స్ట్రాను గెలిపించినట్టు, మరొకటి ఓడించినట్టు కనిపిస్తుంది. నిజానికి అవి జవాబిచ్చిన ప్రశ్నలు వేరు.

ఫోనులో దారి చూపే పటానికి దీనివల్ల వెంటనే వేగం వస్తుందని చెప్పను. వంద కోట్ల కూడళ్లున్నా లాగరిథమ్ (2 ఆధారంగా) దాదాపు 30, దాని 2/3 ఘాతం దాదాపు 10. కొత్త పద్ధతిలోని అదనపు పని ఆ లాభాన్ని మింగేయగలదు. పైగా రోడ్ల పటాల కోసం ముందుగానే అడ్డదారులు లెక్కకట్టి ఉంచుకునే వేరే పద్ధతులు ఉన్నాయి. విలువంతా ఇకపై అడగగలిగే ప్రశ్నల్లో ఉంది.

దారులకు దిశ లేకుండా, పొడవులు పూర్ణాంకాలైతే, గ్రాఫ్‌ను చదవడానికి పట్టేంత కాలంలోనే పని ముగించవచ్చని మికెల్ థోరప్ 1999లోనే చూపారు. దిశలుండి, పొడవులు ఏ వాస్తవ సంఖ్యలైనా కావచ్చునంటే అది సాధ్యమో కాదో ఇంకా తేలలేదు. 2/3 అనే ఘాతం ప్రకృతి నియమం కాదు. విడతలు ఎన్ని, ముక్కలు ఎన్ని అన్న రెండు ఖర్చులను సరితూచినప్పుడు వచ్చిన అంకె అది. ఆ తూకం మార్చవచ్చా? దువాన్ బృందం పరిశోధనా వ్యాసం చదవడం మొదలుపెట్టడానికి బీటెక్ రెండో సంవత్సరపు డేటా స్ట్రక్చర్స్ పాఠాలు చాలు. చదివి, సందేహాలు రాసుకుని వస్తే కూర్చుని మాట్లాడుకుందాం. ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి.