గాదె నింపే బ్యాక్టీరియా: చెన్నై స్టూడియో చర్చ

యాంకర్: నమస్కారం. ఈరోజు మనతో ఇద్దరున్నారు. ఒకరు సూక్ష్మజీవుల మీద పనిచేసే పరిశోధకురాలు, ఇంకొకరు సౌకార్‌పేటలో పాతికేళ్లుగా కవర్లు అమ్ముతున్న వ్యాపారి. మేడమ్, బ్యాక్టీరియా ప్లాస్టిక్ చేస్తుందంటే నమ్మమంటారా?

పరిశోధకురాలు: అది మనం నేర్పిన విద్య కాదండీ. మోరిస్ లెమోయిన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త 1926లోనే బ్యాక్టీరియాలో దీన్ని గుర్తించాడు. పేరు పీహెచ్‌బీ, అంటే పాలీహైడ్రాక్సీబ్యుటిరేట్. చక్కెర దండిగా ఉండి నత్రజని లాంటిది కరువైతే, కొన్ని బ్యాక్టీరియాలు మిగులు తిండిని గుళికలుగా దాచుకుంటాయి, గాదెలో వడ్లు పోసుకున్నట్టు. ఆ గుళికే పాలిస్టర్.

వ్యాపారి: పాలిస్టర్ అంటే చీరల్లో ఉండేదేగా అమ్మా?

పరిశోధకురాలు: ఇంటిపేరు ఒకటే, మనిషి వేరు. చీరలోది పెట్రోలియం నుంచి వస్తుంది, మట్టిలో పురుగూ పుట్రా దాన్ని ముట్టవు. దీన్నైతే సూక్ష్మజీవులు తినేస్తాయి.

యాంకర్: మరి ఈ పనికి బ్యాక్టీరియా జన్యువులు మారుస్తారంటారే, అది దేనికి?

పరిశోధకురాలు: కుప్రియావిడస్ నెకేటర్ అనే బ్యాక్టీరియా తన పొడి బరువులో 80 శాతం దాకా ఇదే నింపుకోగలదు. కాకపోతే ఆకలేస్తే దాచుకున్నది తనే తినేస్తుంది. 1988లో దాని జన్యువులను ఈ.కోలై అనే, పేగుల్లో ఉండే మరో బ్యాక్టీరియాలోకి ఎక్కించారు. కీలకమైనవి మూడు. రెండు ఎంజైములు ముడిసరుకు తయారు చేస్తే, మూడోది గొలుసు అల్లుతుంది. దాన్ని కరిగించే ఎంజైము ఈ.కోలైకి లేదు. గాదె నింపడం వచ్చు, తలుపు తీయడం రాదు!

యాంకర్: ఈ.కోలై అంటే జనానికి విరేచనాలే గుర్తొస్తాయి.

పరిశోధకురాలు: ల్యాబ్ రకాలు వేరు. పైగా పనంతా మూసిన ట్యాంకులోనే.

వ్యాపారి: బాగుంది. కిలో ఎంత పడుతుంది?

పరిశోధకురాలు: (నవ్వుతూ) అసలు తంటా అక్కడే. కిలో పీహెచ్‌బీకి సుమారు మూడు కిలోల చక్కెర కావాలి.

వ్యాపారి: చక్కెర కిలో 40 అనుకున్నా, అక్కడికే 120. ఇంకా కరెంటు, కూలీ. నేను కవరుకు అర్ధరూపాయి ఎక్కువ అడిగితే మనిషి పక్క కొట్టుకెళ్తాడమ్మా.

పరిశోధకురాలు: మీరన్నది నిజమే. బ్రిటన్‌లో ఐసీఐ కంపెనీ ఇలాంటి పాలిస్టరే చేస్తే, 1990లో జర్మనీలో దాంతో షాంపూ సీసాలు అమ్మారు. ధర దగ్గర ఓడిపోయాయి. అందుకే ఇప్పుడు చక్కెర బదులు మొలాసిస్, అంటే చక్కెర మిల్లులో మిగిలే మడ్డి, వాడేసిన నూనె మేపి చూస్తున్నారు. కణాన్ని పగలగొట్టి గుళికలు తీయడం ఇంకో ఖర్చు. ఉత్త పీహెచ్‌బీ పెళుసు కూడా, వంచితే విరుగుతుంది. మరో రకం అణువును గొలుసులో కలిపితే కాస్త సాగుతుంది.

(ఇంతలో టీ వచ్చింది, ప్లాస్టిక్ పూత వేసిన పేపరు కప్పుల్లో.)

వ్యాపారి: సార్, తమిళనాడులో 2019 జనవరి 1 నుంచి ఈ కప్పు కూడా నిషేధమే. (నవ్వులు)

యాంకర్: అది ఎడిటింగ్‌లో తీసేయమంటాను.

వ్యాపారి: తీయకండి. ఇంకో సంగతి. ఒకాయన 'మట్టిలో కలిసిపోతుంది' అని నాకు కవర్లు అంటగట్టాడు. ఒకటి కరివేపాకు కుండీలో పాతిపెట్టా. రెండేళ్లయింది, చెక్కుచెదరలేదు.

పరిశోధకురాలు: ఏ రకం ప్లాస్టిక్కో చూడకుండా చెప్పలేను. మొక్కజొన్న లాంటి పంటల నుంచి చేసే పీఎల్‌ఏ అనే ప్లాస్టిక్ అయితే 60 డిగ్రీల దరిదాపు వేడి ఉండే కంపోస్టు యూనిట్ కావాలి. చెన్నై ఎండ కూడా చాలదు. ఉత్త పాలిథిన్ అయినా కావచ్చు. ఆ కవరు ఒకటి పంపుతారా, పరీక్ష చేయిస్తాను.

వ్యాపారి: కొట్లో అన్నీ అయిపోయాయమ్మా. కుండీలోది ఉందిగా, రేపు తవ్వి పంపిస్తా.