హాలు గోడలకి గ్రేనా, బీజా?

వ్యాఖ్యాత: నమస్కారం. హాలుకి గ్రే (బూడిద రంగు) వేయాలా, బీజ్ (లేత గోధుమ రంగు) వేయాలా అన్నదే ఈరోజు చర్చ. మేస్త్రి గారూ, మీరు రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి అంతా తిరిగి రంగులేస్తారు. మీరే మొదలుపెట్టండి.

పెయింటింగ్ మేస్త్రి: ఫోన్లో ఫొటో చూపించి గ్రే కావాలంటారండీ. ఆ ఫొటోలో గోడంత కిటికీలుంటాయి. మన వీధుల్లో ఇంటికీ ఇంటికీ మధ్య సందు కూడా ఉండదు. హాల్లో పగలే ట్యూబ్‌లైటు వేసుకోవాలి. ఆ వెలుగులో గ్రే నీలంగా కొడుతుంది. పైగా ఎర్రమట్టి దుమ్ము. వీధివైపు గదిలో లేత గ్రే మీద అది ఇట్టే కనబడుతుంది. నా ఓటు బీజ్‌కే.

డిజైనర్: నీలంగా కొట్టడం గ్రే తప్పు కాదండీ, లైటు తప్పు. వెలుగు ఛాయని కెల్విన్లలో చెప్తారు, అంకె పెరిగేకొద్దీ వెలుగు నీలంవైపు, తగ్గేకొద్దీ పసుపువైపు పోతుంది. తెల్లటి ట్యూబ్‌లైట్లు ఎక్కువగా 6500 కెల్విన్‌వి. వాటి వెలుగులో నీలం పాలు ఎక్కువ. 3000 కెల్విన్ బల్బు పెడితే అదే గ్రే మెత్తగా కనిపిస్తుంది. కానీ ఆ బల్బు కిందే పసుపు ఛాయ బీజ్ మరీ పసుపుగా కనిపిస్తుంది. ఎండ దంచే పడమటి గదికి నేను గ్రేనే చెప్తాను.

గృహిణి: మాది పాత ఇల్లు మేడమ్, రెడ్ ఆక్సైడ్ గచ్చు. దాన్ని తవ్వించే ప్రసక్తే లేదు. మరి గోడకేది నప్పుతుంది?

డిజైనర్: తవ్వించకండి అక్కా, అంత అందమైన గచ్చు మళ్లీ రాదు. దాని మీద పడ్డ వెలుగు గోడ కిందిభాగానికి ఎరుపు పూస్తుంది. కాబట్టి గులాబీ ఛాయ బీజ్ వద్దు, కొంచెం ఆకుపచ్చ కలిసినది తీసుకోండి. షేడ్ కార్డుని తెల్ల కాగితం పక్కన పెడితే లోపలి ఛాయ తెలుస్తుంది. కొన్ని కార్డుల మీద ఎల్ఆర్‌వి అని, రంగు ఎంత వెలుగుని తిప్పి పంపుతుందో చెప్పే అంకె కూడా ఉంటుంది. 0 అంటే నలుపు, 100 అంటే తెలుపు. చీకటి హాలైతే 60 దాటినది చూడండి.

వ్యాఖ్యాత: రెండూ కలిపిన గ్రేజ్ సంగతి?

మేస్త్రి: బాగుంటుంది, కానీ గదిగదికీ మారి కనిపిస్తుంది. ఏదైనా సరే, చెమ్మ ఆరకుండా పుట్టీ పెడితే పొక్కుతుంది.

గృహిణి: చిన్న డబ్బా తెచ్చి గోడ మీద పూసి చూడనా?

మేస్త్రి: పాత రంగు పక్కన కొత్తది సరిగ్గా తెలియదమ్మా. పెద్ద అట్టముక్క మీద రెండు పూతలు వేసి ఆరనివ్వండి. ఆరితే కొంచెం ముదురుతుంది. దాన్ని ప్రతి గోడకీ ఆనించి పొద్దున, సాయంత్రం, రాత్రి లైటు వేసీ చూడండి. బల్బులు మార్చాలనుకుంటే అంతకుముందే మార్చేయండి.