లైన్‌లో ఉండండి: స్టార్ ట్రెక్ ఉహురా, నిషెల్ నికోల్స్ కథ

నమస్తే అండీ. ముందు మా పెద్దమ్మ గురించి రెండు ముక్కలు చెప్పి, తర్వాత అమెరికా వెళ్దాం.

మా పెద్దమ్మ గుంటూరు టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో ట్రంక్ ఆపరేటర్‌గా చేసింది. ఎస్టీడీ రాకముందు సంగతి ఇది. హైదరాబాద్‌లో ఉన్న మనిషితో మాట్లాడాలంటే కాల్ బుక్ చేసుకుని గంటల తరబడి ఫోన్ పక్కనే కూర్చోవాలి. నెత్తిన హెడ్‌సెట్, ఎదురుగా బోర్డు నిండా బెజ్జాలు, ఒక తీగ ఇందులోంచి పీకి అందులో గుచ్చడం, మధ్యలో "లైన్‌లో ఉండండి, లైన్‌లో ఉండండి" అని అరవడం. "మూడు నిమిషాలు అయ్యాయండీ, పొడిగించమంటారా" అని ఇప్పటికీ నిద్రలో కలవరిస్తుందని మా పెదనాన్న ఏడిపిస్తుంటాడు.

మొన్న దసరాకి బెజవాడ నుంచి వాళ్ళింటికి వెళ్ళినప్పుడు ఫోన్‌లో స్టార్ ట్రెక్ అని, అంతరిక్ష ఓడ కథతో వచ్చిన పాత అమెరికా టీవీ సీరియల్ క్లిప్ ఒకటి చూపించాను. ఎర్ర గౌను వేసుకున్న నల్లజాతి అమ్మాయి, చెవిలో వేలెడంత వెండి రంగు గొట్టం, ముందు రంగురంగుల బల్బుల బోర్డు. ఆ గొట్టాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని, కుర్చీలో సగం వెనక్కి తిరిగి, కెప్టెన్‌కి ఏదో చెబుతోంది. పెద్దమ్మ కళ్ళజోడు సర్దుకుని చూసి, "ఏందిరా ఇది, మా డ్యూటీనే కదా! ఆకాశంలో కూడా ట్రంక్ కాల్ బుక్ చేసుకోవాల్సిందేనా?" అంది.

అవును, అదే డ్యూటీ. ఆ పాత్ర పేరు ఉహురా, స్టార్‌షిప్ ఎంటర్‌ప్రైజ్‌లో కమ్యూనికేషన్స్ ఆఫీసర్. వేసింది నిషెల్ నికోల్స్.

[స్క్రీన్ మీద: నిషెల్ నలుపు తెలుపు ఫొటో]

షికాగో పక్కన రాబిన్స్ అని చిన్న ఊరు, నల్లవాళ్ళే కట్టుకున్న ఊరు, అక్కడ 1932 డిసెంబర్ 28న పుట్టింది. నాన్న ఫ్యాక్టరీలో పనిచేస్తూనే ఆ ఊరికి మేయర్ కూడా అయ్యాడు. అసలు పేరు గ్రేస్. ఆ పేరు నాకొద్దని పేచీ పెడితే నిషెల్ అని మార్చారు. డాన్స్, పాట రెండూ వచ్చు, కుర్ర వయసులోనే డ్యూక్ ఎల్లింగ్టన్, లయనెల్ హాంప్టన్ జాజ్ బ్యాండ్లతో ఊళ్ళు తిరిగింది. అంటే టీవీకి వచ్చేనాటికి ఆవిడ కొత్త పిల్లేం కాదు, స్టేజీ మీద పండిన మనిషి. ఇది గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో పనికొస్తుంది.

జీన్ రాడెన్‌బెర్రీ అనే నిర్మాత స్టార్ ట్రెక్ కంటే ముందు తీసిన ఒక సీరియల్లో, 1964లో, ఆవిడకి చిన్న వేషం ఇచ్చాడు. 1966 సెప్టెంబర్ 8న స్టార్ ట్రెక్ మొదలైంది. ఉహురా అన్న పేరు స్వాహిలీలో ఉహురు అనే మాట నుంచి వచ్చింది, దానికి స్వేచ్ఛ అని అర్థం. ఆ రోజుల్లో అమెరికా టీవీలో నల్లజాతి ఆడమనిషి కనిపించిందంటే పనిమనిషో, పాటలు పాడే మనిషో. ఇక్కడేమో లెఫ్టినెంట్, ఓడ నడిపే గదిలో మగాళ్ళ పక్కన తన సొంత కుర్చీలో కూర్చుంది. తర్వాత పెద్ద నటి అయిన హూపీ గోల్డ్‌బర్గ్ చిన్నప్పుడు అది చూసి, టీవీలో నల్లావిడ ఉంది, పనిమనిషి కాదు అని ఇల్లంతా అరుచుకుంటూ పరిగెత్తిందట.

కుర్చీ అయితే ఇచ్చారు గానీ డైలాగులు మాత్రం ఇవ్వలేదు. ప్రతి ఎపిసోడ్‌లో ఆవిడ లైన్లు కోసేసేవాళ్ళు, చివరికి మిగిలేది "కెప్టెన్, లైన్ కలిసింది" అనే రకం మాటలే. పాటా ఆటా రెండూ వచ్చిన మనిషికి వారం వారం ఇదే పనంటే ఎట్టా ఉంటుంది? మొదటి సీజన్ అయ్యేసరికి విసుగొచ్చేసింది, న్యూయార్క్ బ్రాడ్‌వే నాటకాలు పిలుస్తున్నాయి. ఓ శుక్రవారం సాయంత్రం రాజీనామా కాగితం రాడెన్‌బెర్రీ చేతిలో పెట్టింది.

మర్నాడు ఒక సభకి వెళ్తే, మీ అభిమాని ఒకాయన మిమ్మల్ని కలవాలంటున్నాడని నిర్వాహకుడు వచ్చి చెప్పాడు. సరే ఎవరో స్టార్ ట్రెక్ పిచ్చోడు అనుకుని తిరిగి చూస్తే మార్టిన్ లూథర్ కింగ్! మా పిల్లల్ని రాత్రి పూట మేలుకుని చూడనిచ్చేది మీ సీరియల్ ఒక్కటే అన్నాడట. ఆవిడ థాంక్స్ చెప్పి, మానేస్తున్నానండీ అంది. ఆయన మొహంలో నవ్వు పోయింది. మానడానికి వీల్లేదు, మనవాళ్ళు మామూలు మనుషుల్లాగా, తెలివైన మనుషుల్లాగా కనిపించేది అక్కడే అన్నాడు. ఇది ఆవిడే జీవితాంతం చెప్పుకున్న కథ. సోమవారం వెళ్ళి ఉంటానని చెబితే, రాడెన్‌బెర్రీ సొరుగులోంచి ఆ రాజీనామా కాగితం తీశాడు, అప్పటికే చించేసి ఉంది.

ఇక అందరూ చెప్పే ముద్దు. 1968 నవంబర్ 22న వచ్చిన ఎపిసోడ్‌లో కెప్టెన్ కిర్క్ ఉహురాని ముద్దు పెట్టుకుంటాడు. తెల్లవాడు, నల్లావిడ, ఆ కాలంలో! అమెరికా టీవీలో ఇదే మొదటిదని ప్రచారం, కాదు అంతకుముందే ఉన్నాయని వాదించేవాళ్ళూ ఉన్నారు. అమెరికా దక్షిణ రాష్ట్రాల టీవీ స్టేషన్లు గొడవ చేస్తాయని ఛానెల్ వాళ్ళకి టెన్షన్, అందుకని ముద్దు లేకుండా కూడా తీయమన్నారు. కిర్క్ వేసిన విలియం షాట్నర్ ఆ టేకులో కెమెరాకేసి మెల్లకన్ను పెట్టి చెడగొట్టాడు, దాంతో ముద్దున్నదే వేయక తప్పలేదు. సరదా సంగతే. కానీ కథలో వాళ్ళిద్దరూ ఇష్టపడి పెట్టుకున్న ముద్దు కాదది, గ్రహాంతరవాసులు బలవంతంగా ఆడించిన ఆట. నాకైతే దానికి ఇంత పేరెందుకో అర్థం కాదు.

ఎందుకంటే ఆవిడ చేసిన అసలు పని సీరియల్ ఆగిపోయాక మొదలైంది.

[స్క్రీన్ మీద: నాసా నీలం సూట్‌లో నిషెల్]

79 ఎపిసోడ్లతో 1969లో స్టార్ ట్రెక్ మూతపడింది. తర్వాత సభల్లో మాట్లాడేటప్పుడు నాసాని మొహం మీదే అడిగేది, మీ వ్యోమగాముల్లో మావాళ్ళు ఏరీ, ఆడవాళ్ళేరీ అని. నిజమే, అప్పటిదాకా చంద్రుడి మీదకి వెళ్ళినవాళ్ళంతా తెల్ల మగాళ్ళే. స్పేస్ షటిల్ కోసం కొత్తవాళ్ళని తీసుకుంటున్న నాసా, 1977లో, అయితే నువ్వే వచ్చి జనాన్ని పిలువమ్మా అంది. ఆవిడ ఒప్పుకుంటూనే ఒక మాట అనేసింది: అర్హత ఉన్నవాళ్ళని ఇంతమందిని తెచ్చాక కూడా మళ్ళీ పాత రకమే ఎంచుకుంటే మీ మీద కేసు వేస్తాను. ఆ సూట్ వేసుకుని ప్రచార ఫిల్మ్‌లో నటించింది, కాలేజీలు, సంఘాలు తిరిగింది.

అప్లికేషన్లు 8,000కు పైగా వచ్చాయి, అందులో 1,500కు పైగా ఆడవాళ్ళవి. 1978లో ఎంపికైన 35 మందిలో ఆరుగురు స్త్రీలు, ముగ్గురు నల్లవాళ్ళు, ఒక ఆసియా అమెరికన్. వీళ్ళందర్నీ ఆవిడే తెచ్చిందని నేను చెప్పను, బయట ఉద్యమాలు నడుస్తున్నాయి, నాసా మీద ఒత్తిడి ఉంది. కానీ ఈ ఉద్యోగం నాక్కూడా వస్తుందా అని అనుమానపడే మనిషికి తెలిసిన మొహం కనపడటం చిన్న విషయం కాదు. గుంటూరు జిల్లా మూలాలున్న శిరీష బండ్ల 2021 జులైలో రాకెట్ విమానం ఎక్కినరోజు మా అపార్ట్‌మెంట్‌లో ఆడపిల్లలు టీవీ ముందు నుంచి కదల్లేదు, అట్టాంటిదే ఇది కూడా.

ఆ బ్యాచ్‌లోంచే మొదటి అమెరికన్ మహిళగా శాలీ రైడ్, మొదటి నల్లజాతి అమెరికన్‌గా గయన్ బ్లూఫర్డ్ 1983లో అంతరిక్షానికి వెళ్ళారు. ఆ బ్యాచ్ వాళ్ళే నలుగురు 1986లో చాలెంజర్ అనే స్పేస్ షటిల్ పేలిపోయినప్పుడు పోయారు, అదీ చెప్పాలి. ఉహురాని చూస్తూ పెరిగిన మే జెమిసన్ తర్వాత వ్యోమగామి అయింది. 1992లో అంతరిక్షానికి వెళ్ళిన మొదటి నల్లజాతి స్త్రీ ఆవిడే, అక్కడ డ్యూటీ ఎక్కేటప్పుడు ఉహురా డైలాగే చెప్పేది, "లైన్లు తెరిచే ఉన్నాయి" అని.

మిగతాది త్వరగా చెప్పేస్తాను. ఆరు స్టార్ ట్రెక్ సినిమాల్లో అదే పాత్ర వేసింది, ఒక తమ్ముణ్ణి 1997లో హెవెన్స్ గేట్ అనే మత బృందం సామూహిక ఆత్మహత్యల్లో పోగొట్టుకుంది, ముసలితనంలో మతిమరుపు వచ్చి, ఆవిడ బాగోగులు ఎవరు చూడాలని కోర్టుల దాకా వెళ్ళారు. 2022 జులై 30న, 89 ఏళ్ళ వయసులో పోయింది.

2024 జనవరి 8న ఫ్లోరిడా నుంచి లేచిన వల్కన్ రాకెట్‌లో ఆవిడ అస్థికలు కొన్ని పంపారు. అవి భూమికి తిరిగి రావు, సూర్యుడి చుట్టూ తిరిగే దారిలో పోతూనే ఉంటాయి.

ఇదంతా మా పెద్దమ్మకి చెప్పాను. కృష్ణలో కలపడమే తెలుసు ఆవిడకి. కాసేపు ఏమీ అనలేదు, పప్పు గిన్నె మీద మూత పెట్టి, "అంత దూరమా! మరి అక్కణ్ణించి లైన్ ఎవరు కలుపుతార్రా?" అంది.