మెత్తబడిన ఆపిల్ పండ్లతో ఇంట్లోనే ఆపిల్ సాస్

శ్రోతలకు నమస్కారం.

మన ఇళ్లలో కనబడే ఆపిల్ పండ్లలో మనం కొనుక్కున్నవి ఎన్ని ఉంటాయో, ఎవరో ఒకరు తెచ్చి ఇచ్చినవీ దాదాపు అన్నే ఉంటాయి. ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చినవారిని పలకరించడానికి బయలుదేరే చుట్టపక్కాలు వట్టి చేతులతో రారు. సంచిలో అరడజను ఆపిల్ పండ్లు ఉండి తీరతాయి. వరలక్ష్మీ వ్రతానికో, సత్యనారాయణ వ్రతానికో తెచ్చినవి మరికొన్ని మిగులుతాయి. మొదటి రెండు మూడు రోజులు అందరూ ఇష్టంగా కోసుకుని తింటారు. ఆ తరువాత అవి బల్ల మీదే ఉండిపోయి, తొక్క కాస్త ముడతలు పడి, కొరికితే కరకరలాడకుండా నోటికి పిండిపిండిగా తగులుతాయి. అలాంటి పండును ఇంట్లో ఎవరూ ముట్టరు. ఆ పండుకు సరిగ్గా తగిన వంటకం ఒకటి ఉంది. అమెరికాలోనూ ఐరోపా దేశాలలోనూ తరతరాలుగా ఇళ్లలో వండుకుంటున్న ఆ ఆపిల్ సాస్‌ను మన వంటింటి సామగ్రితోనే ఎలా చేసుకోవచ్చో ఈ ప్రసంగంలో వివరిస్తాను.

టొమాటో సాస్‌లో ఉన్నట్టు ఇందులో వెనిగర్, కారం, మసాలా ఉండవు. ఆపిల్ ముక్కలను కొద్దిపాటి నీళ్లతో ఉడికించి మెదిపిన గుజ్జు ఇది. జర్మనీలో బంగాళాదుంప తురుముతో వేసే అట్లకు దీనిని నంజుకుంటారు. యూదులు హనుక్కా పండుగనాడు వండే బంగాళాదుంప అట్లకూ ఇది జోడు. అమెరికాలో పంది మాంసపు కూరల పక్కన వడ్డించడం పాత అలవాటు. 1962 ఫిబ్రవరిలో భూమి చుట్టూ తిరిగిన మొదటి అమెరికన్ జాన్ గ్లెన్ అంతరిక్షంలో ట్యూబు నుంచి పిండుకుని తిన్నది కూడా ఆపిల్ సాసే.

పండు పిండిగా మారడం అంటే చెడిపోవడం కాదని ముందుగా గ్రహించాలి. ఆపిల్ కండలోని సూక్ష్మమైన కణాలను ఒకదానికొకటి అంటిపెట్టి ఉంచేది పెక్టిన్ అనే పదార్థం. కొత్త పండులో ఆ పట్టు గట్టిగా ఉంటుంది కాబట్టి, మనం కొరికినప్పుడు కణాలే పగిలి రసం చిమ్ముతుంది. నిలవ ఉన్న పండులో పెక్టిన్ సడలిపోవడం వల్ల కణాలు పగలకుండా విడివిడిగా ఊడి వస్తాయి. రసం వాటి లోపలే ఉండిపోతుంది కనుక నాలుకకు పొడిగా తోస్తుంది. పొయ్యి మీద వేడి చేసే పని కూడా పెక్టిన్‌ను కరిగించి కణాలను విడదీయడమే. మనం గిన్నెలో చేయవలసిన పనిలో కొంత భాగాన్ని కాలమే ముందుగా చేసిపెట్టిందన్నమాట.

అయితే మెత్తబడిన పండు వేరు, కుళ్లిన పండు వేరు. కింద పడి దెబ్బ తగిలినచోట గోధుమరంగుకు తిరిగిన భాగాన్ని కోసి తీసివేస్తే చాలు. బూజు పట్టిన పండునూ, లోపల కుళ్లువాసన వేసే పండునూ మాత్రం మొత్తంగా పారవేయాలి, ఎందుకంటే కొన్ని రకాల బూజు ఆపిల్‌లో పాట్యులిన్ అనే విషపదార్థాన్ని పుట్టిస్తుంది. అది ఉడికించినంత మాత్రాన పోదు.

మన అంగళ్లలో ఎక్కువగా దొరికేవి కశ్మీరు, హిమాచల్ ప్రదేశ్‌ల నుంచి వచ్చే డెలిషియస్ జాతి ఎర్ర పండ్లు. హిమాచల్‌లోని కోట్‌గఢ్ ప్రాంతంలో స్థిరపడిన శామ్యూల్ స్టోక్స్ అనే అమెరికన్, ఆ తరువాత సత్యానంద్ స్టోక్స్‌గా పేరు మార్చుకున్నవారు, 1916 ప్రాంతంలో తన దేశం నుంచి ఈ మొక్కలను తెప్పించి నాటడంతో ఆ కొండలలో తోటల పెంపకం ఊపందుకుంది. ఈ పండులో తీపి ఎక్కువ, పులుపు తక్కువ. కాబట్టి దీనితో సాస్ చేసేటప్పుడు చక్కెరకన్నా నిమ్మరసం అవసరం ఎక్కువ. దొరికితే గ్రానీ స్మిత్ అనే ఆకుపచ్చని పుల్ల ఆపిల్‌ను కిలోకు ఒకటి రెండు కలిపితే రుచి బాగా తేరుకుంటుంది. అమెరికాలో స్థిరపడిన మన తెలుగువారు సెప్టెంబరు, అక్టోబరు నెలలలో పిల్లలతో తోటలకు వెళ్లి స్వయంగా పండ్లు కోసుకుని, తినగలిగినదానికి మించి ఇంటికి తెచ్చుకుంటారు. వారికి మెకింటోష్ రకం దొరికితే ఇంకేమీ కలపనక్కరలేదు, అది త్వరగా విచ్చిపోతుంది, తగినంత పులుపూ ఉంటుంది.

ఇక వండే పద్ధతి. ఒక కిలో, అంటే మధ్యరకం పండ్లు ఆరో ఏడో తీసుకోండి. నిగనిగలాడేందుకు పైన మైనం పూసిన పండ్లయితే గోరువెచ్చని నీళ్లలో రుద్ది కడగండి. తొక్క తీసి, గింజలున్న నడిమి భాగాన్ని తొలగించి, అంగుళం ముక్కలుగా కోయండి. అన్ని ముక్కలూ ఇంచుమించు ఒకే పరిమాణంలో ఉండడం ముఖ్యం. కోస్తుండగానే ముక్కలు రంగు మారుతాయి. పండులోని ఒక ఎంజైము గాలితో కలవడం వల్ల కలిగే మార్పు అది. ఒక చెంచా నిమ్మరసం చల్లితే చాలావరకు ఆగుతుంది, ఆగకపోయినా రుచికి లోటు లేదు.

అడుగు మందంగా ఉన్న స్టీలు గిన్నె వాడండి. పులుపు ఉంది కాబట్టి అల్యూమినియం గిన్నె, కళాయి లేని ఇత్తడి గిన్నె పనికిరావు. ముక్కలతోపాటు అర టీ కప్పు నీళ్లు పోయండి. ఇక్కడే మన చేయి ఇంకొంచెం పోయడానికి ముందుకు వెళుతుంది. ఆపిల్‌లో నూటికి 85 పాళ్ల వరకు నీరే కనుక, మనం పోసే నీళ్లు మొదట్లో అడుగంటకుండా ఉండడానికి మాత్రమే. చిటికెడు ఉప్పు, చిటికెన వేలంత దాల్చినచెక్క వేసి మూత పెట్టి, ఆవిరి పట్టగానే మంట తగ్గించండి. దాల్చినచెక్క పొడికి బదులు చెక్కనే వేయమనడానికి నాకు ఒక కారణం ఉంది. 2023లో అమెరికాలో దాల్చినచెక్క పొడి కలిపిన ఆపిల్ గుజ్జు ప్యాకెట్లను సీసం ఎక్కువగా ఉందని మార్కెట్టు నుంచి వెనక్కు తీసుకున్నారు. వందల సంఖ్యలో పిల్లల విషయంలో సీసం ప్రభావాన్ని అనుమానించవలసి వచ్చింది. ఆ సీసం దాల్చినచెక్క పొడి ద్వారా చేరింది. యాలకులు వేయవచ్చా అని కొందరు అడుగుతారు. వేయవచ్చు, కాని ఆపిల్ వాసన వెనక్కు పోయి హల్వా వాసన ముందుకు వస్తుంది, నాకు అది నచ్చదు.

ఐదారు నిమిషాలకు మూత తీస్తే ముక్కల అంచులు అద్దంలా పారదర్శకంగా మారి, చుట్టూ తెల్లని నురుగు కనిపిస్తుంది. పది నిమిషాలు దాటాక మూలలు మొద్దుబారి, గరిటె ఆనిస్తే ముక్క నలుగుతుంది. అడపాదడపా కలుపుతూ పదిహేను, ఇరవై నిమిషాలు ఉంచితే చాలు. ప్రెషర్ కుక్కరులో వేస్తే త్వరగా అవుతుందనిపిస్తుంది గాని, ఆపిల్ గుజ్జు నురుగై పొంగి ఆవిరి గొట్టానికి అడ్డుపడే ప్రమాదం ఉంది కనుక ఆ ఆలోచన మానుకోవడం మంచిది.

పొయ్యి ఆపి, దాల్చినచెక్క తీసివేసి, పప్పుగుత్తితో మెదపండి. మిక్సీలో వేస్తే గుజ్జు జిగురుగా, ఒకే తీరున నున్నగా తయారవుతుంది. అక్కడక్కడ చిన్న పలుకు తగిలినప్పుడే ఇది పండుతో చేసినదని నాలుకకు తెలుస్తుంది, అందువల్ల పప్పుగుత్తికే నా ఓటు. చక్కెర వేయాలనుకుంటే మెదిపిన తరువాతే, రుచి చూసి, రెండు చెంచాలకు మించకుండా వేయండి. ముందే వేస్తే ముక్కలు గట్టిపడి ఉడకడానికి ఆలస్యమవుతుంది. మళ్లీ చిన్న మంట మీద పెట్టి గరిటెతో గిన్నె అడుగున ఒక గీత గీయండి. ఆ గీత క్షణకాలం నిలిచి మెల్లగా పూడుకుంటే చిక్కదనం సరిపోయినట్టే; వెంటనే నీరు కమ్ముకుంటే ఇంకో మూడు నాలుగు నిమిషాలు ఉంచాలి. చిక్కబడే కొద్దీ గుజ్జు పైకి చిట్లి చేతి మీద పడుతుంది కాబట్టి పొడవాటి గరిటె వాడండి.

ఆరు నెలలు నిండిన పసిపిల్లలకు పెట్టేదయితే చక్కెర, ఉప్పు, తేనె ఏవీ కలపకుండా, జల్లెడలో వడకట్టి రెండు మూడు చెంచాలు పెట్టవచ్చు. అయితే ఇందులో మాంసకృత్తులు, ఇనుము నామమాత్రమే గనుక రాగిజావకు, పప్పన్నానికి ఇది బదులు కాదు. విరేచనాలయ్యే పిల్లలకు అరటిపండు, అన్నం, ఆపిల్ సాస్, కాల్చిన రొట్టె మాత్రమే పెట్టాలని అమెరికాలో ఒకప్పుడు గట్టిగా చెప్పేవారు. పోషణ చాలదని అక్కడి వైద్యులు ఆ పథ్యాన్ని ఇప్పుడు పక్కన పెట్టారు.

చల్లారిన సాస్‌ను తడిలేని గాజుసీసాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే వారం రోజులు నిలుస్తుంది. ఐసు ట్రేలలో పోసి గడ్డకట్టించుకుంటే రెండు నెలల వరకు కావలసినప్పుడు కావలసినంత తీసుకోవచ్చు. గుడ్డు తినని ఇళ్లలో కేకు చేసేటప్పుడు ఒక్కొక్క గుడ్డుకు బదులు పావు కప్పు ఆపిల్ సాస్ కలిపితే పిండి బాగా కలుస్తుంది, కేకుకు తేమా వస్తుంది. గుడ్డులా అది పొంగించలేదు కాబట్టి కేకు కాస్త బరువుగానే దిగుతుంది. చక్కెర కూడా మామూలు కొలతకన్నా ఒకటి రెండు చెంచాలు తగ్గించి వేసుకోండి.

నమస్కారం.