ఐదుగురిలో ఒక్కడు

శ్రోతలకు నమస్కారం. నల్లగొండ గడియారం సెంటర్లో ఐదుగురు దోస్తులు చాయ్ తాగుతుంటే మనకు కనబడేది ఒక్క గుంపే. లెక్కేస్తే అందులో 10 జోడీలు. ఆరోవాడు చేరితే 15. వాటిలో ఒక్క జోడీ చెడితే చాలు, మిగతావాళ్లు ఎవరివైపు మాట్లాడాలో తెలియక నోరు కట్టేసుకుంటారు. ఏ గొడవలోనూ లేనివాడు కూడా అట్లానే ఒంటరైపోతాడు.

చాలాసార్లు మొదలయ్యేది పైసల దగ్గర. సాగర్ పోదామని తలా 800 అనుకుంటారు. ఒకని దగ్గర ఉండవు. చెప్పడానికి నామోషీ. ‘ఇంట్ల పనుంది’ అంటాడు. రాత్రి అందరి స్టేటస్‌లలో ఫొటోలు చూస్తాడు. మళ్లీసారి ‘వాడెట్లయినా రాడు’ అని అడగడమే మానేస్తారు, నలుగురితో ఇంకో వాట్సాప్ గ్రూపు పుడుతుంది. అసలు పుండు ఈ రెండో గ్రూపే. ప్రయాణం కోసం పెట్టుకున్నా సరే, తిరిగొచ్చిన రోజే తీసేయండి. ఖర్చు కూడా అందరికన్నా తక్కువ జేబును చూసి అనుకోవాలి.

మాట్లాడుకోవడం గ్రూపులో వద్దు. నలుగురు చూస్తుంటే ఎవడూ తగ్గడు. పైగా రాతలో గొంతు వినబడదు, ‘సరే’ అంటే ఒప్పుకున్నాడో అలిగాడో ఎవరికి తెలుసు? వేడి చల్లారాక, వారం దాటకముందే, ఇద్దరే కలవండి. ఎదురెదురుగా కూర్చోవడంకన్నా పక్కపక్కన నడవడం తేలిక. పానగల్ దగ్గర ఉదయసముద్రం కట్ట మీద అరగంట చాలు. ఒక్క సంగతే ఎత్తండి: “మొన్న సాగర్ పోయిన్రు, నన్ను అడగలే. మస్తు బాధైంది.” “మీరెప్పుడూ గింతే” అన్నారో, అవతలివాడు ఇంటర్ నాటి లెక్కలు కూడా తీస్తాడు. మధ్యవర్తి అసలే వద్దు.

డిగ్రీ అయ్యాక గొడవ లేకుండానే దూరం వస్తుంది. ఒకడు కోచింగ్‌కు హైదరాబాద్, ఒకడు పొలం. దగ్గరి స్నేహానికి 200 గంటలకు పైనే కలిసి గడపాలని అమెరికా పరిశోధకుడు జెఫ్రీ హాల్ 2018లో లెక్కగట్టారు. రోజుకు గంట చొప్పున ఆరు నెలల పైమాటే. రూములో దిగిన నెలకే ‘నాకెవ్వరూ లేరు’ అనుకోవడం తొందర. అందాకా పాత దోస్తుకు వారానికోసారి, ఫలానా రోజు ఫలానా టైమని పెట్టుకొని ఫోన్ చేయండి.

నిద్ర, ఆకలి రెండు వారాలుగా చెడితే మనసు బాధలు చెప్పుకునే ప్రభుత్వ ఫోన్ లైను టెలీ మానస్ 14416 ఉంది. ఉచితం, 24 గంటలూ పలుకుతుంది. దోస్తుకు నంబరు పంపి ఊరుకోకండి. పక్కన కూర్చుని మీరే కలిపి ఇవ్వండి.