కాళ్ల కింద వెచ్చని బండ

లక్ష్మి: నమస్కారం. ఈరోజు మనతో సుబ్బయ్య మామ ఉన్నారు. కడపలో 30 ఏళ్లుగా బండలు పరిచే మేస్త్రీ. పోయిన చలికాలం కెనడాలో కూతురింట్లో ఉండి వచ్చారు. మామా, అక్కడ నేలలోనే హీటర్ ఉందంటిరే?

సుబ్బయ్య: నేలే హీటరమ్మా. కాంక్రీటు పోయకముందే ప్లాస్టిక్ పైపును జానెడు ఎడంతో మెలికలుగా పరుస్తారు. అందులో వేడినీళ్లు తిరుగుతుంటాయి. 40 డిగ్రీలు చాలు, మరిగించే పనిలేదు. బయట మైనస్ 20. మొదటిరోజు పొద్దున బాత్రూంలో భయంభయంగా ఒక కాలు పెట్టి చూశాను. పొద్దుగూకినాక మిద్దె మీద నడిచినట్టుంది!

లక్ష్మి: ఫ్యాన్ హీటర్ కన్నా మేలా?

సుబ్బయ్య: నాకు ఇదే నచ్చింది. చప్పుడు లేదు, దుమ్ము లేవదు. వేడిగాలి పైకి పోతుంది, కాళ్లు చల్లగానే ఉంటాయి. దీంట్లో ముందు కాళ్లకే అందుతుంది. కానీ తొందర పనికిరాదు. ఊరెళ్లి వచ్చిన రాత్రి ఆన్ చేస్తే, ఇల్లు వెచ్చబడేసరికి తెల్లారింది. కాంక్రీటంతా కాగాలి కదా. చల్లారడమూ అంతే నిదానం.

లక్ష్మి: పైన ఏ నేలైనా పరవచ్చా?

సుబ్బయ్య: రాయి, టైల్ అయితే వేడి బాగా పైకొస్తుంది. మన నాపరాయి దీనికి భలే సరిపోతుంది. మా అమ్మాయి గదిలో దళసరి కార్పెట్ వేసింది, ఆ గదిలోనే చలి. తీయించాను.

లక్ష్మి: పైపు లీకైతే నేల పగలగొట్టాల్సిందేనా?

సుబ్బయ్య: నాకూ అదే టెన్షన్. అందుకే కాంక్రీటు కింద జాయింటు రానీయరు, ఒకే పైపు. ప్రెషర్ ఎక్కించి, మీటరు ముల్లు దిగట్లేదని చూశాకే కాంక్రీటు పోస్తారు. అల్లుడు అప్పుడే పైపుల పక్కన కొలత టేపు పెట్టి ఫొటోలు కూడా తీసుకున్నాడు. తలుపు దగ్గర డ్రిల్లు పెట్టబోయి ఆ ఫొటో చూసి ఆగాం. పైపు రెండంగుళాల అవతలే ఉంది!

లక్ష్మి: కరెంటుదీ ఉంటుందంట?

సుబ్బయ్య: వైర్లు పరవడం సులువే, బిల్లే ఎక్కువ. ఒక్క బాత్రూంకైతే సరే. పాత ఇంట్లో నీళ్లపైపులంటే నేల ఎత్తవుతుంది, తలుపులు కోయాలి.

లక్ష్మి: మన కడపలో?

సుబ్బయ్య: వద్దమ్మా. మన చలికి దుప్పటి చాలు. మే నెలలో చాప కూడా లేకుండా బండ మీద పడుకునేవాళ్లం. చలిదేశంలో పిల్లలు ఇల్లు కడుతుంటే మాత్రం చెప్పండి: పైపుల కింద థర్మాకోల్ లాంటి షీటు పరిచారో లేదో కళ్లారా చూసుకోమనండి. అది లేకపోతే వేడి భూమిలోకి దిగిపోతుంది. కాంక్రీటు పోశాక ఇక చేసేదేం లేదు.