జింక గొంతులో లింఫ్ నోడ్ తీయడం: లాలాజల గ్రంథితో పొరబడకుండా

అందరికీ నమస్తే. ఈ వీడియో వెటర్నరీ చదివే తమ్ముళ్ళు, చెల్లెళ్ళ కోసం, జూలల్ల పనిచేసేటోళ్ళ కోసం. జింక చచ్చిపోతే టెస్టుకు పంపే లింఫ్ నోడ్, అంటే ఒంట్ల జబ్బులతోటి కొట్లాడే బిళ్ళ, ఎట్ల తీయాలె అన్నది ఇయ్యాల చూద్దాం, ఇది గొంతు వెనక ఉంటది, రెట్రోఫారింజియల్ అంటరు. టేబుల్ మీద ఉన్నది జింక తల కాదు, గొర్రె తలకాయ, పొద్దున్నే మెహదీపట్నంల మటన్ షాపు నుంచి తెచ్చిన. చచ్చిన జింక కనపడ్డా సరే ఫారెస్ట్ వాళ్ళ పర్మిషన్ లేకుండా ముట్టుకోవద్దు, 1972 వన్యప్రాణి చట్టం ఉంది, కాబట్టి ప్రాక్టీస్ అంతా దీనిమీదనే. షాపుల మాత్రం చెప్పాలె, "అన్నా, కాల్చకు, గొంతుముడి తలకాయ దిక్కే ఉండేటట్టు కొయ్యి" అని. గొంతుముడి మెడ దిక్కు పోయిందంటే మనకు గుర్తు పోయినట్టే.

గ్లోవ్స్, ఎన్95 మాస్క్, ఏప్రన్, అన్నీ వేసుకున్న. లేబుల్ ముందే రాసుకోండి, పెన్సిల్ తో, పెన్ను సిరా ఫార్మలిన్, అంటే ముక్క కుళ్ళకుండ వేసే మందు, తగిలితే పోతది. జింక ఎక్కడ దొరికిందో నేనైతే ఫోన్ ల జీపీఎస్ ఫొటో తీసి పెట్టుకుంట, చేత్తో రాస్తే ఏదో ఒక అంకె తప్పు పడుతది.

ఈ నోడే ఎందుకు అంటే, అమెరికాల జింకలకు సీడబ్ల్యూడీ (క్రానిక్ వేస్టింగ్ డిసీజ్) అని ప్రియాన్ జబ్బు ఉంది, ప్రియాన్ అంటే రూపం చెడిపోయిన ప్రొటీన్, మెదడును పాడుచేస్తది, 1967ల కొలరాడోల మొదట గమనించిన్రు, తర్వాత కెనడా, దక్షిణ కొరియా, నార్వేలల్ల కూడా బయటపడింది. మన దేశంల బయటపడలేదు. కానీ టీబీ ఉంది కదా, జింకల్ల టీబీ గడ్డలు ఎక్కువ కనపడేది ఈ నోడ్ లనే, మిషిగన్ రాష్ట్రంల వేటగాళ్ళు తెచ్చిన తలల్ల ఇదే కోసి చూస్తరు. మన జూ పార్క్ ల, హరిణ వనస్థలిల చుక్కల దుప్పులను కాపాడుకోవాలంటే ఈ పని చేతికి రావాలె.

సరే, తలకాయ తిరగేసిన, గడ్డం పైకి. గొంతుముడి ఇదిగో, వేలు పెట్టి చూస్తే గట్టిగ తగులుతది. దాని పైన, దవడ మూల దిక్కు, అడ్డంగ ఒక కోత, లోతుగ, వెనక ఎముక తగిలేదాక. అయిపోయింది. గొంతుముడిని పట్టుకొని వెనక్కి లాగుతున్న, ఇట్ల. 22 నంబర్ బ్లేడ్ వాడుతరు చాలామంది, నాకు మాత్రం చిన్న కత్తి నయం, బ్లేడ్ ఎముకకు తగిలి విరిగితే ముక్క ఎక్కడ పడ్డదో దొరకదు.

ఇప్పుడు ఆగండి, ఇక్కడే ఉంది అసలు సంగతి. కెమెరా దగ్గరికి తెస్తున్న. ఇది చూసిన్రా, దవడ పక్కన, గులాబి రంగుల, పైకే ఉంది, చెయ్యి పెట్టంగనే దొరుకుతది. ఇది నోడ్ కాదు. ఇది లాలాజల గ్రంథి. దగ్గరికెళ్ళి చూడండి, సీతాఫలం తొక్క లెక్క బుడిపెలు బుడిపెలుగ ఉంటది. నేను అమెరికాల పని నేర్చుకునేటప్పుడు మొదటి సీజన్ ల ఇదే తీసి పంపిన, ఏడు తలలకు. రిపోర్ట్ ల "లింఫ్ కణజాలం లేదు" అని వచ్చింది. అప్పటికి ఆ తలలు లేవు, మళ్ళ తీసే దారి లేదు. ఆ ఏడు జింకలకు జబ్బు లేదని కాదు, అసలు టెస్టే కాలేదు, అది ఇప్పటికీ మనసుల ఉంది.

నోడ్ ఇంకా లోపలికి ఉంటది, గొంతు వెనక గోడకు ఆనుకొని, నడిమి గీతకు అటొకటి ఇటొకటి. చంకల బిళ్ళ కట్టింది అంటం కదా, ఆ బిళ్ళ లాంటిదే. వేలుతో తడుముతున్న... ఆ, దొరికింది. ఉడికిన పనస గింజ లెక్క, నున్నగ, గట్టిగ. చుట్టూ కొవ్వు తీసేస్తున్న. మధ్యకు కోస్తే లోపల అంతా ఒక్క తీరుగ ఉంది, బుడిపెలు లేవు. ఇదీ నోడ్.

కోసినప్పుడు చీము ఉన్నా, కత్తికి ఇసుక తగిలినట్టు గరగరమన్నా టీబీ అనుమానించండి, మామూలు గడ్డే అని వదిలెయ్యకండి. సీడబ్ల్యూడీల అట్ల ఏమీ కనపడదు, నోడ్ మంచిగనే ఉంటది, ల్యాబ్ చెప్పాల్సిందే.

ఒక పక్కది ఫార్మలిన్ ల, నోడ్ కు పదింతలు ఉండాలె, ఇంకో పక్కది కవర్ ల ఫ్రెష్ గ, ఐస్ మీద. రెండూ ఫార్మలిన్ ల వేసిన్రంటే టీబీ కల్చర్, అంటే క్రిములను పెంచి చూసే టెస్టు, చేయలేరు, సీడబ్ల్యూడీకి చేసే ఎలైసా టెస్టు కూడా కాదు.

ఇంకోటి, అడవి జింకల్ల నూటికి ఒకదానికి జబ్బు ఉందనుకుందాం, దాన్ని 95 శాతం నమ్మకంతో పట్టుకోవాలంటే సుమారు 300 తలలు చూడాలె. అందుల 40 లాలాజల గ్రంథులైతే మీరు చూసింది 260యే. జింకలను పెంచే ఫారాలల్ల లెక్క వేరే, అమెరికాల మందకు సీడబ్ల్యూడీ సర్టిఫికెట్ కావాలంటే ఏడాది దాటిన ప్రతి జింకకూ చచ్చినప్పుడు టెస్ట్, అట్ల 5 ఏండ్లు.

కత్తులు కడగడానికి స్పిరిట్ పనికిరాదు, ప్రియాన్ చావదు, వేడినీళ్ళకూ చావదు. 2 శాతం క్లోరిన్ ఉండేటట్టు బ్లీచ్, గంటసేపు, ముందు మాంసం తుక్కు అంతా కడిగినంకనే.

ఇప్పుడు కుడి పక్కది తీస్తున్న, మాట్లాడకుండ, మెల్లగ, చేతులే చూడండి.